కీలు పట్టేసింది

మా దుకాణంలోకి వచ్చినవాళ్ళకి మొదట కనిపించేది సోఫాలు కావు, గోడ. పనిబల్లకి సరిగ్గా పైన అరచేయంత ఎర్ర అక్షరాలతో ఇలా రాసి ఉంటుంది: ‘తన చాకు తాను తెరవలేనివాడు ఈ బల్ల దగ్గర కూర్చోరాదు.’ మాట మా మామగారిది. గోడ ఎక్కించింది నేను. ఇరవై రెండేళ్ళలో ఆ అక్షరాలకి మూడుసార్లు కొత్త రంగు వేశాను. మిగతా గోడకి ఒక్కసారి కూడా వేయలేదు.

మాది పాత సోఫాలకీ కుర్చీలకీ కొత్త తొడుగులు వేసే పని. చిరిగిన గుడ్డ విప్పి, కుంగిన స్ప్రింగులు సరిచేసి, స్పాంజి మార్చి, పైన కొత్త గుడ్డో రెక్సినో బిగించి మేకులు కొడతాం. ఈ పనిలో సుత్తి ఒకరిది ఒకరు వాడుకోవచ్చు, సూదులు పంచుకోవచ్చు. చాకు మాత్రం ఎవరిది వాళ్ళ జేబులో ఉండాల్సిందే. పాత కుట్లు విప్పాలన్నా, పురికొస కోయాలన్నా, స్పాంజి అంచు చెక్కాలన్నా, చెక్క మీద ఎండిన జిగురు గీకాలన్నా అదే. పొద్దున్నించి సాయంత్రం దాకా వందసార్లు తెరుస్తాం, వందసార్లు మూస్తాం.

మా మామగారు నన్ను మొదటిసారి చూసినప్పుడు ‘కుర్రాడు చాకులా ఉన్నాడు’ అన్నారట. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. పని నేర్చుకుందామని వెళ్ళాను. పని నేర్పారు, కొన్నేళ్ళకి కూతుర్నీ ఇచ్చారు. అప్పటిదాకా ‘ఒరేయ్, ఇలా రారా’ అని పిలిచిన మనిషి పెళ్ళయిన మర్నాటి నుంచి ‘అల్లుడూ’ అనడం మొదలుపెట్టారు. అది నాకు గౌరవంగానే ఉండేది, ఎక్కడో కాస్త వెలితిగానూ ఉండేది. వీధిలో వాళ్ళకి మాత్రం అప్పటినుంచీ నా పేరు చాకే. జేబులో ఒక చాకు, నోట్లో ఇంకో చాకు అని మా ఆవిడ అంటూ ఉంటుంది. నాకు ముక్కుమీద కోపం అన్నమాట నిజమే గానీ, నోటి గురించి ఆవిడ మాట్లాడటం మాత్రం అన్యాయం.

అలాంటి నేను ఒక సోమవారం పొద్దున్న నా చాకు తెరవలేకపోయాను.

పళ్ళ డాక్టరుగారి గదిలో రోగులు కూర్చునే సోఫా ఆ రోజు బల్ల మీదికి వచ్చింది. చేతులు పెట్టుకునే చోట గుడ్డంతా భయంతో పిసికీ పిసికీ అరిగిపోయి ఉంది. ఆ గుడ్డ విప్పుదామని జేబులోంచి చాకు తీసి, బ్లేడు మీద ఉన్న గాడిలో బొటనవేలి గోరు పెట్టి లాగాను. కదల్లేదు. మళ్ళీ లాగాను. గోరు వంగింది గానీ బ్లేడు వంగలేదు. డాక్టరుగారి దగ్గర పనిచేసే ఆవిడ ఎదురుగా నిలబడి కొలతలు చెబుతోంది. ఆవిడ తల నా వైపు ఉంది, నా తల గోడ వైపు తిరిగింది. ఎర్ర అక్షరాలు ఎప్పటికన్నా ఎర్రగా కనిపించాయి.

నాకు యాభై అయిదేళ్ళు. మా మామగారు బల్ల దగ్గరినుంచి లేచింది యాభై తొమ్మిదో ఏట. ఆ సంగతి వీధి వీధంతా తెలుసు, ఎందుకంటే వచ్చిన ప్రతివాడికీ నేనే చెప్పాను. ఒక రోజు ఆయన చాకు తెరుచుకోలేదు. దాన్ని బల్లమీద పెట్టి, బొటనవేలు రుద్దుకుంటూ, ‘కీలు పట్టేసింది అల్లుడూ, నువ్వు చూసుకో’ అని ఒక్క మాట అని బయటికి నడిచారు. తన మాటకి తానే కట్టుబడ్డ మనిషి. చాకుతో పాటు బల్లనీ దుకాణాన్నీ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. అప్పటిదాకా నేల మీద కూర్చుని పాత మేకులు పీకేవాణ్ణి ఆ రోజునుంచి బెంచీ ఎక్కాను. ఈ కథ చెప్పినప్పుడల్లా నేను కళ్ళు తుడుచుకునేవాణ్ణి. వినేవాళ్ళు కూడా తుడుచుకునేవారు, ఆ తరవాత సోఫా త్వరగా ఇమ్మనేవారు.

ఇప్పుడు వంతు నాకు వచ్చింది. బల్ల దగ్గరినుంచి లేస్తే నాకు మిగిలేది ముందరి కౌంటరు. ఫోనులు ఎత్తడం, రంగుల పుస్తకం చూపించడం, ‘ఈ నీలం కాదండీ, ఇంకో నీలం’ అనేవాళ్ళతో నవ్వుతూ మాట్లాడటం. నన్ను అక్కడ కూర్చోబెడితే వారం తిరక్కుండా దుకాణం మూతపడుతుంది. అదొక్కటే కాదు. నాకు ఆ బల్లంటే ప్రాణం. స్పాంజి మీద గుడ్డ బిగువుగా పరుచుకుని ముడత లేకుండా సర్దుకున్న క్షణంలో కలిగే సంతోషం నాకు ఇంకెక్కడా దొరకలేదు. అది పోతుందంటే నిజంగానే భయమేసింది.

అందుకని మోసం మొదలుపెట్టాను. దుకాణంలో తొడుగులు కుట్టేది మా ఆవిడే. మొదటి పూట ఆవిడ కుట్టుమిషను దగ్గరున్న కత్తెర తీసి స్పాంజి కోశాను. గుడ్డ కత్తెరతో స్పాంజి కోయడమంటే మా ఇంట్లో క్షమించే నేరం కాదు. ఆ సాయంత్రం ఆవిడ గుడ్డ కోస్తుంటే కత్తెర తెగకుండా నమిలింది. ఆవిడ నా వైపు చూసింది, ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఇంకా భయం. మర్నాటి నుంచి ఇంట్లోనే పట్టకారుతో చాకు తెరిచి, అలా తెరిచి ఉన్నదాన్నే చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని దుకాణానికి వెళ్ళేవాణ్ణి. నడుస్తున్నంతసేపూ తొడమీద చేయి అడ్డం పెట్టుకుని తేలు కుట్టిన దొంగలా నడిచేవాణ్ణి. బల్ల దగ్గర వీపు తిప్పి, అప్పుడే తెరిచినట్టు నోటితో ‘టిక్’ అని చప్పుడు చేసేవాణ్ణి.

మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు మా ఆవిడ నా పంట్లాం ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

“జేబుదొంగ ఎవడైనా బయటినుంచి కోస్తాడు. ఇది లోపలినుంచి కోసినట్టుంది. ఎవరండీ ఈ దొంగ?”

అంతా చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. నా బొటనవేలు తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ వంచి చూసింది. వాపు లేదు, నొప్పి లేదు అన్నాను. అయితే గోడ మీద రాతని సరిగ్గా చదవమంది. తన చాకు అని ఉంది గానీ ఫలానా చాకు అని లేదు కదా, తేలిగ్గా తెరుచుకునే కొత్త చాకు కొనుక్కుంటే రూలు ఎక్కడ తప్పుతుంది అంది. పాతికేళ్ళు దాటిన కాపురంలో ఆవిడ తెలివి నాకు అక్కరకొచ్చిన ప్రతిసారీ కోపమే వచ్చింది, ఈసారి మాత్రం రాలేదు.

మా వీధి చివర మెట్ల కింద ఒక ఇరుకు కొట్టు ఉంది. తాళాలు, కత్తెరలు, చాకులు అమ్ముతారు, సాన పడతారు. నడిపే ఆవిడని అందరూ పదునక్క అంటారు. నాకన్నా పదేళ్ళు చిన్న. ఎన్నిసార్లు ఆ కొట్టు ముందునుంచి వెళ్ళినా లోపలికి వెళ్ళే అవసరం నాకు పడలేదు. మా చాకు మా మామగారిది, దానికి సాటి ఇంకోటి ఉంటుందా అన్న గీర ఒకటి.

రోజూ జేబులో పెట్టుకోవడానికి మంచి చాకు కావాలమ్మా అన్నాను. ఆవిడ చాకు చూపించకుండా ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏం కోస్తారు, ఏ జేబులో పెడతారు, ఏ చేయివాటం, సాన మీరే పట్టుకుంటారా ఇంకొకరికి ఇస్తారా. నేను కొనడానికి వచ్చాను గానీ ఉద్యోగానికి రాలేదు అన్నాను. అప్పుడు నవ్వి, గాజుపెట్టెలోంచి నాలుగు చాకులు తీసి గుడ్డమీద వరసగా పేర్చింది.

నా చేయి మొదట వెళ్ళింది లావుపాటిదాని మీదికి. పదకొండు పనిముట్లున్నాయి అందులో. ఇందులో చేప పొలుసు గీకేది కూడా ఉంది, మీ సోఫాల్లో చేపలు దొరుకుతాయా అని అడిగింది. బరువైనది కొంటే మూడో రోజే ఇంట్లో మర్చిపోయి వస్తారనీ, రోజూ జేబులో ఉండాల్సింది జేబులో ఉన్నట్టే తెలియకూడదనీ చెప్పింది. రెండోది బొత్తాం నొక్కితే చటుక్కున బయటికి దూకేది. చూడముచ్చటగా ఉంది. మీరు రోజంతా వంగి లేచే పనిచేస్తారు, ఇది మిమ్మల్ని అడక్కుండా దూకిందంటే కష్టం అని దాన్ని తనే పక్కన పెట్టేసింది. నా జేబు సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదని నా నమ్మకం.

మూడోది సాదాగా ఉంది. చెక్క పిడి, అరచేతి వెడల్పుకి మించని ఒకే బ్లేడు, తెరిచాక వెనక్కి జారకుండా పట్టి ఉంచే చిన్న ఇనప పట్టీ. నాలుగోది తోటపని వాళ్ళది, మొద్దులా ఉంది.

“అందరూ తెరవడమే చూసి కొంటారు. వేలు తెగేది మూసేటప్పుడు. పదిసార్లు తెరవండి, ఇరవైసార్లు మూయండి. అప్పుడు మాట్లాడదాం,” అంది.

చెప్పినట్టే చేశాను. మూడోది తెరిచాను, మూశాను. నాలుగోదీ తెరిచాను, మూశాను. ఎలా ఉందని అడిగితే బాగానే ఉందన్నాను. ఆవిడ నా వైపు వింతగా చూసింది. ఆ నాలుగోది మరీ బిగువుగా ఉందని ఇద్దరు తోటమాలులు వాపసు ఇచ్చి వెళ్ళారట. ఇంత గట్టి వేలు పెట్టుకుని తేలిగ్గా తెరుచుకునే చాకు ఎందుకు అడుగుతున్నారని అడిగింది.

ఇక దాచి లాభం లేదని మా మామగారి చాకు తీసి ఆ గుడ్డమీద పెట్టాను. ఆవిడ గోరు పెట్టి లాగింది. కదల్లేదు. దీపం కిందికి వంచి, కన్ను దగ్గరగా పెట్టి చూసింది.

“కీలు పట్టేసింది,” అంది.

“అదేనమ్మా నా బాధ,” అని బొటనవేలు ముందుకు చాచాను. “మా మామగారికి కూడా ఇంచుమించు ఈ వయసులోనే పట్టేసింది.”

“మీ కీలు కాదండీ, చాకు కీలు. లోపలంతా జిగురు, స్పాంజి పొడి. దీన్ని కడిగి ఎన్నేళ్ళయింది? ఒక పూట కిరసనాయిల్లో నానబెడితే పోతుంది.”

మొదట ఎగిరి గంతేయాలనిపించింది. నా వేలు బాగుంది, నా బల్ల నాదే. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. అక్కడున్న ముక్కాలిపీట మీద కూలబడ్డాను. ఇరవై రెండేళ్ళ కిందటి ఆ రోజు కళ్ళముందు కదిలింది. చాకు బల్లమీద ఉంది. అది చేతికి రాగానే పెద్దవాళ్ళ వస్తువు కదా అని భక్తిగా ఇంటికి తీసుకెళ్ళి కిరసనాయిల్లో కడిగాను, గుడ్డతో తుడిచాను, నూనెచుక్క వేశాను. మర్నాడు వెన్నలా తెరుచుకుంది. అది నా వేలి బలమనుకున్నాను. మామగారు తెరవలేనిదాన్ని నేను ఒంటిచేత్తో తెరిచానని వీధంతా చెప్పుకున్నాను. ఒక్కసారైనా నా బుర్ర వెలగలేదు.

అంటే ఆ రోజు పట్టేసింది ఆయన వేలు కాదు. ఇంత జిగురుకి ఆ మనిషి బల్ల వదులుకుని ఇరవై రెండేళ్ళుగా ఇంట్లో కూర్చున్నారు. ఆయన లేచిన చోట కూర్చున్నది నేను.

కొత్త చాకు కొనకుండానే పాతదాన్ని తీసుకుని లేచాను. పదునక్క ఏమైందని అడిగేసరికి వీధిలో ఉన్నాను.

మా ఆవిడకి చెబితే నోట్లో ఉన్న దారం తీసి మిషను మీద పెట్టి లేచింది. పదండి, నాన్నకి చెబుదాం అంది. ఇప్పుడు చెబితే ఆయన ఏమైపోతారో అన్నాను. చెప్పకపోతే నువ్వేమైపోతావో నాకు తెలుసు అంది. ఆవిడ నన్ను ‘నువ్వు’ అన్నది ఆ ఒక్కసారే.

మామగారు ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని పాత సైకిలు సీటుకి తొడుగు కుడుతున్నారు. ఎనభై ఒకటి నిండాయి. ఎదురింటివాళ్ళ సీటు అది. ఈ వీధిలో సైకిలు సీట్లూ, దిండ్లూ, కుర్చీమెత్తలూ ఏది చిరిగినా ఆయన దగ్గరికే వస్తాయి. ఇంట్లో కూరలు తరిగేదీ ఆయనే. బిగుసుకుపోయిన సీసా మూత ఉంటే ఇప్పటికీ ఆయనకే ఇస్తాం. ఆ బొటనవేలితో ఇన్ని పనులు ఆయన మా కళ్ళముందే చేస్తుంటే, పాపం కీలు పట్టేసిన మనిషి అని మేమే జాలిపడుతూ వచ్చాం.

నిలబడే చెప్పాను. పదునక్క కొట్టు దగ్గర మొదలుపెట్టి, వెనక్కి వెళ్ళి, మధ్యలో క్షమాపణలు చెప్పుకుని, ఏది ముందో ఏది వెనకో తెలియకుండా చెప్పాను. ఆయన సూది ఆపి విన్నారు. అయిపోయాక దారం కొరికారు.

“నా వేలికి ఎప్పుడూ ఏమీ కాలేదు,” అన్నారు.

“మీకు తెలుసా?”

“నా వేలు నాకు తెలియదా? కీలు పట్టేసింది నువ్వు చూసుకో అన్నాను. అంటే కాస్త కడిగిపెట్టమని. టీ తాగి వచ్చేసరికి నువ్వు ఆ చాకుని గుండెలకి హత్తుకుని ఏడుస్తున్నావు. నా రెండు చేతులూ పట్టుకుని, మీ పేరు నిలబెడతాను మామయ్యా అన్నావు. అంత ఏడుస్తున్న మనిషితో, కిరసనాయిలు తెచ్చావా అల్లుడూ అని ఎలా అడగను?”

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండు రోజులాగి చెబుదామనుకున్నారట. ఈలోగా కూతురు నొప్పుల మందు తెచ్చి వేలికి రాయడం మొదలుపెట్టింది. వారం గడిచేసరికి నేను గోడ నిండా ఎర్ర అక్షరాలు రాయించేశాను. ఆ మాటకి ఆయన అర్థం ఎవరి చాకు వాళ్ళు కడుక్కోమని. దాన్ని తీసుకెళ్ళి బొటనవేలికి అంటగట్టింది నేను. గోడమీద రంగు ఆరేలోపు చెప్పాల్సింది, ఆరిపోయాక ఇక మొహమాటం అడ్డొచ్చింది అన్నారు.

బాధపడలేదా మామయ్యా అని అడిగాను. అడగడానికి చాలా ధైర్యం కావాల్సి వచ్చింది.

“పడ్డాను,” అన్నారు. “రెండేళ్ళు రోజూ పడ్డాను. తరవాత ఒకసారి దుకాణానికి వచ్చి నువ్వు కట్టిన కుర్చీ చూశాను. మూల మడత నాకన్నా బాగా వేశావు. ఇక లేపబుద్ధి కాలేదు.” సీటు వైపు చూస్తూ అన్నారు, “అయినా నేను చెప్పిన పని నువ్వు చేశావు. శుభ్రంగా కడిగావు, నూనె వేశావు. తిరిగి ఇవ్వడమే మర్చిపోయావు.”

ఆ మాటకి మా ఆవిడ పకపకా నవ్వింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈసారి ఏడవకూడదని గట్టిగా అనుకున్నాను. గబగబా వెళ్ళి చిన్న గిన్నెలో కిరసనాయిలు తెచ్చాను. అందులో చాకు వేసి ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం. మధ్యమధ్య ఆయనే పాత పళ్ళబ్రష్షుతో కీలు తోమారు. నల్లటి జిగురు పొరలు పొరలుగా వచ్చింది. సాయంత్రానికి తుడిచి, నూనెచుక్క వేసి, గాడిలో గోరు పెట్టారు. ‘టిక్’ అంది. నేను నోటితో చేసిన చప్పుడుకీ దానికీ పోలికే లేదు.

చాకు మూసి చొక్కా జేబులో వేసుకున్నారు. నేను తిరిగి అడగలేదు.

మర్నాడు ఆయన మాకన్నా ముందే బయల్దేరారు, మేము వెళ్ళేసరికి దుకాణం అరుగు మీద భోజనం డబ్బాతో సిద్ధంగా ఉన్నారు. తాళం తీయగానే లోపలికి వెళ్ళి బెంచీ మధ్యలో కూర్చుని, పళ్ళ డాక్టరుగారి సోఫాని అటూ ఇటూ తడిమారు. నేను అలవాటు కొద్దీ బల్ల వైపు నడిచాను. ఆయన తల ఎత్తకుండానే గోడ మీదికి వేలు చూపించి, చాకు ఉందా అని అడిగారు.

లేదు. నా జేబులో రుమాలూ, మా ఆవిడ కుట్టిన కొత్త అతుకూ తప్ప ఏమీ లేవు.

వచ్చిన దారినే పదునక్క కొట్టుకి పరిగెత్తాను. ఆవిడ నన్ను చూసి మాట్లాడకుండా ఆ నాలుగు చాకులూ మళ్ళీ పేర్చింది. నేను సాదాదాన్ని తీసుకుని పదిసార్లు తెరిచాను, ఇరవైసార్లు మూశాను. వేలు తెగలేదు, జేబులో వేసుకుంటే బరువు తెలియలేదు, కుడిచేతికి అమరింది. ఇదే అన్నాను. నెలకోసారి కడగమంది. మా ఇంట్లో ఇక దాని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు అన్నాను.

తిరిగొచ్చి దాన్ని మామగారి చేతిలో పెట్టాను. తెరిచారు. మూశారు. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తెరిచారు. బ్లేడు పక్కకి ఊగుతుందేమో చూశారు, ఊగలేదు. మా ఆవిడ మిషను ఆపి మా ఇద్దరినీ చూస్తోంది. ఆ బెంచీ మీద అప్పటిదాకా ఇద్దరు కలిసి కూర్చున్నది లేదు. ఆయన ఉన్న రోజుల్లో నేను నేల మీద, నేను ఎక్కిన రోజు నుంచి ఆయన ఇంట్లో.

ఆయన చాకు నా చేతికి ఇచ్చి, కిటికీ వైపు జానెడు జరిగారు. ఇంకాస్త జరిగారు. ఖాళీ చోటుని అరచేత్తో ఒకసారి తుడిచారు.

“కీలు బాగుంది,” అన్నారు. “కూర్చోరా.”